పంటి కింద

లీడ్స్‌లో రాత్రి రెండున్నర.
లైబ్రరీ మూడో అంతస్తులో హీటర్ మూలుగుతోంది.
అవతలి బల్ల మీద ఎవరో
కోటు కప్పుకుని నిద్రపోయారు.
నేను చాట్‌బాట్‌ని నాలుగోసారి అదే అడుగుతున్నాను:
ఇసుక ముందు, బురద తర్వాత, ఎందుకని?
నీళ్లకి ఈ బంతి వరస ఎవరు నేర్పారు?

డాక్టర్ థ్వెయిట్‌ని రెండుసార్లు అడిగాను.
మూడోసారికి మొహం చెల్లలేదు.
దీనికి మొహం చూపించే పని లేదు.
విసుక్కోదు, గడియారం చూడదు.
ముందుగా "చాలా మంచి ప్రశ్న" అంటుంది.
ప్రతిసారీ అంటుంది.
బుద్ధెరిగాక నన్నెవరూ ఇన్నిసార్లు మెచ్చుకోలేదు.
అనుమానం అక్కడే రావాల్సింది.

ఉన్నమాట చెప్పాలి, చెప్పింది మాత్రం ఓపిగ్గా చెప్పింది.
తెలుగులో అడిగితే
"అవక్షేపం" అంది, "స్తరీభవనం" అంది.
నా భాషలో నేనెప్పుడూ తిరగని వీధులు
పరాయిది చెయ్యి పట్టుకుని చూపించింది.
"అంటే చారు తేరుకున్నట్టా?" అన్నాను.
అద్భుతమైన పోలిక అంది.
కాసేపటికి అదే చారుని
తను కాచినట్టే నాకు వడ్డించింది.

శనివారం విట్బీ.
కొండ చరియ కింద, సముద్రం ఒడ్డున.
ఇక్కడి వానకి నిలువుగా కురవడం రాదు.
థ్వెయిట్, ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని,
బూడిదరంగు పెళ్ల ఒకటి నా చేతిలో పెట్టింది.
"మడ్‌స్టోనా, సిల్ట్‌స్టోనా?"

నేను ఒప్పజెప్పాను.
రేణువు ఎంతుంటే ఏమంటారో,
మిల్లీమీటరులో ఎన్నో వంతు దగ్గర గీత గీస్తారో,
ఒక్క తడబాటు లేకుండా, ఎక్కాలంత గడగడా.
"అవన్నీ సరే. ఇది ఏది?"

భూతద్దం పెట్టి చూశాను. బూడిద.
ఇంకా దగ్గరగా చూశాను. ఇంకా బూడిద.
చెయ్యి తనంతట తనే జేబులోకి పోయింది.
ఫోన్‌లో ఒక్క గీత లేదు.

"కొరుకు," అంది.
పక్కన క్వాబెనా కిసుక్కుమన్నాడు. ఆమె నవ్వలేదు.
"నలభై నిమిషాల్లో పోటు వస్తుంది. కొరుకు."

హాస్టల్ మెస్సులో మెరిగె తగిలితే
ముద్దంతా ఉమ్మేసి
వంటమనిషితో తగువేసుకున్న నోరు ఇది.
ఆ నోటితోనే కొరికాను.

ఉప్పు. తడి. తుప్పు వాసన లాంటి రుచి.
వాటి వెనకాల ఎక్కడో, సన్నగా,
కర.

"సిల్ట్‌స్టోన్."
"ఎలా తెలుసు?"
ఇంగ్లీషు మాట దొరక్క పన్ను చూపించాను.
పద్దెనిమిది కోట్ల ఏళ్ల బురదలోంచి
ఒక్క నలుసు
నా దంతం మీదికొచ్చి పేరు చెప్పి పోయింది.
ఆమె అలల వంక చూస్తూ తలూపింది.

తిరుగు బస్సులో సిగ్నల్ రాగానే దానికి రాశాను:
ఇవాళ రాయి కొరికాను.
చాలా మంచి పద్ధతి, అంది.
బంకమట్టి రాయైతే మెత్తగా ఉంటుందట,
ఒండ్రు రాయైతే గరగరలాడుతుందట,
ఐదు పాయింట్లు, అన్నీ సరైనవే.

తెలుసన్నమాట.
మరి చెప్పలేదేం?
క్షమించమంది.
నేను అడిగితే కదా, అని అనలేదు పాపం.
కోపం రాలేదు.
ఏం అడగాలో తెలియాలంటే
ముందు చేతిలో ఒక రాయి ఉండాలి,
నోట మాట రాకుండా పోవాలి.

రిపోర్టు నేనే కూర్చుని రాశాను.
యాభై ఎనిమిది వచ్చింది.
దాన్ని అడిగుంటే డెబ్బై వచ్చేదేమో,
క్వాబెనాకి వచ్చింది.
నా రెండో పేజీ అంచున
పెన్సిల్‌తో, వంకర అక్షరాల్లో, థ్వెయిట్ ప్రశ్న:
"చారు అంటే ఏమిటి?"

మంగళవారం ఆమె గది తలుపు తట్టాను, మూడోసారి.
సంచిలో ఫ్లాస్కు, గాజు గ్లాసు.
పోసి, బల్ల మీద పెట్టి,
కదపకండి అన్నాను.
కుర్చీలు దగ్గరికి లాక్కుని
ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.